సెలూన్ షాంపూ కొనాలా, షాపు షాంపూ సరిపోతుందా? నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలూన్ షాంపూను, షాపు షాంపూను వేరు చేసేది ఏమిటి?

ప్రధానంగా అమ్మే చోటు. కిరాణా కొట్టులో, మెడికల్ షాపులో, సూపర్ మార్కెట్‌లో దొరికే సీసాలనూ, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో ఏదైనా పార్లర్ అద్దాల అరలో ‘ప్రొఫెషనల్’ అన్న ముద్రతో కనిపించే సీసాలనూ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద వచ్చిన 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు ఒకే తరగతి కింద చూస్తాయి. ‘ప్రొఫెషనల్’ అన్నది ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిన నాణ్యతా ముద్ర కాదు, కంపెనీ తన సరుకును ఏ దారిలో అమ్మదలచుకున్నదో చెప్పే మాట మాత్రమే. కనుక ఎక్కడ కొన్నామన్న దానికంటే మన జుట్టు ఇంతవరకు ఏ ఏ పనులకు లోనైంది, మన ఇంటికి వచ్చే నీళ్లు ఎటువంటివి, తల చర్మంలో జబ్బు ఏదైనా ఉందా అన్న మూడు విషయాలు చూసుకొని నిర్ణయించుకోవడం మేలు.

ఒకే కంపెనీ రెండు రకాలనూ తయారు చేస్తుందని విన్నాం. అలాగైతే లోపలి సరుకు ఒకటేనా?

విన్నది నిజమే. లోరియల్ సంస్థ సూపర్ మార్కెట్లకు లోరియల్ పారిస్‌ను, సెలూన్లకు లోరియల్ ప్రొఫెషనల్, మ్యాట్రిక్స్, కెరాస్టాస్ పేర్లను నడుపుతుంది. గోద్రెజ్‌కు కిరాణా కొట్లలో దొరికే హెయిర్ కలర్ ఉంది, సెలూన్ల కోసం గోద్రెజ్ ప్రొఫెషనల్ వేరుగా ఉంది. అయినా రెండు సీసాలలోనూ ఒకే ద్రవం పోసి చీటీ మార్చారని అనుకోవడం సరికాదు. మురికిని తీసే మూల పదార్థం చాలావరకు ఒకే కుటుంబానికి చెందినది, అంటే సోడియం లారెత్ సల్ఫేట్ లేదా దాని బంధువు. తేడా వచ్చేది దాని తీవ్రతను తగ్గించడానికి కలిపే కోకమిడోప్రోపైల్ బీటైన్ వంటి మెత్తని పదార్థాలలో, వెంట్రుకకు పట్టుకొని ఉండే సిలికాన్, ప్రోటీన్ మొదలైన వాటి మోతాదులో, సువాసనలో. ఈ తేడా కొన్ని సీసాలలో స్పష్టంగా తెలుస్తుంది, కొన్నింటిలో ధరలో తప్ప మరెక్కడా కనిపించదు.

సీసా వెనుక పదార్థాల పట్టికను మోతాదు తగ్గే క్రమంలో రాస్తారు. మొదటి అయిదారు పేర్లు రెండు సీసాల మీద దాదాపు ఒకటే అయితే, ముందువైపు పెద్ద అక్షరాలలో రాసిన ఆర్గాన్ నూనె, కేవియర్, బయోటిన్ వంటివి పట్టిక చివరన ఉంటే, అదనంగా పెట్టే సొమ్ముకు పెద్దగా ఫలితం ఆశించనవసరం లేదు. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్న పదార్థాలను ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు కాబట్టి ఆ చివరి పేర్లలో ముందున్నదే ఎక్కువ ఉందని కూడా చెప్పలేము.

మా ఇంట్లో బోరు నీళ్లు. ఏ షాంపూ వాడినా జుట్టు పీచులా తయారవుతోంది. సెలూన్ షాంపూతో మారుతుందా?

ఈ ప్రాంతంలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే, పార్లర్‌లో చాలా తక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. లోతైన బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండే ఊళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఈ లవణాలు వెంట్రుక మీద పేరుకొని గరుకుదనం తెస్తాయి, షాంపూ నురగను తగ్గిస్తాయి, నురగ రాలేదని మరింత షాంపూ పోసుకునేలా చేస్తాయి. తాగునీటికి సంబంధించిన ఐఎస్ 10500 ప్రమాణం (2012) లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వాన్ని (అంటే ఈ లవణాల మోతాదును) అంగీకార పరిమితిగా పెట్టి, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. కుళాయి మూతి మీద, గీజర్ కాయిల్ మీద తెల్లని పొలుసు కడుతున్నదంటే మీ నీళ్లు కఠినమైనవేనని అనుకోవచ్చు. ఇంకొంచెం స్పష్టత కావాలంటే ఒక సీసాలో సగం వరకు నీళ్లు పోసి, కొద్దిగా స్నానపు సబ్బు తురిమి వేసి గట్టిగా ఊపి చూడండి. నురగ నిలవక, నీళ్లు పాలరంగుకు మారి తెట్టు కడితే కఠినత్వం ఉన్నట్లే.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల పేరు ఎత్తగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది గనుక జుట్టు ఇలా కావడానికి కూడా ఫ్లోరైడే కారణమని చాలామంది నమ్ముతారు. ఫ్లోరైడ్ ప్రధానంగా చేసే హాని తాగినప్పుడు పళ్లకు, ఎముకలకు. తలకు పోసుకున్నప్పుడు వెంట్రుకలను గరుకు చేసేది దానితో పాటు ఆ నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం. ఈ రెండు సమస్యలను కలిపి ‘యాంటీ ఫ్లోరైడ్’ అంటూ ఎవరైనా షాంపూ అమ్మజూపితే కొనకండి.

ఇంటికి మిషన్ భగీరథ కుళాయి ఉంటే తల స్నానానికి ఆ నీళ్లే వాడండి. నది నుంచి వచ్చే నీళ్లు సాధారణంగా బోరు నీళ్లకంటే మెత్తగా ఉంటాయి. రెండు మూడు బకెట్లూ దొరకని రోజున బోరు నీళ్లతోనే తల రుద్దుకొని, చివరి రెండు చెంబులు మాత్రం భగీరథ నీళ్లో, ప్లాంటు నుంచి తెచ్చుకున్న క్యాను నీళ్లో పోసుకున్నా తేడా తెలుస్తుంది. ఒక చెంబు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసుకొని, తరువాత మామూలు నీళ్లతో కడుక్కోవడం కూడా పేరుకున్న లవణాలను కొంతవరకు కరిగిస్తుంది. నిమ్మరసాన్ని నీళ్లు కలపకుండా నేరుగా రాసుకోవద్దు.

ఇక్కడ సెలూన్ సరుకు నిజంగా ఉపయోగపడే సందర్భం ఒకటి ఉంది. వెంట్రుక మీద పేరుకున్న లవణాలను పట్టి లాగే ‘కీలేటింగ్’ షాంపూలు, లోతుగా శుభ్రం చేసే ‘క్లారిఫైయింగ్’ షాంపూలు సెలూన్ కంపెనీల వద్దే ఎక్కువగా దొరుకుతాయి. మామూలు షాంపూలలోనూ లవణాలను పట్టే డైసోడియం ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది కానీ, అది ఎక్కువగా సీసాలోని ద్రవం చెడకుండా ఉంచడానికి కలిపినది, దాని మోతాదు చాలా కొంచెం. కీలేటింగ్ షాంపూ ఒక చిన్న సీసా కొని, రెండు మూడు వారాలకు ఒకసారి వాడి, మిగతా రోజులలో షాపు షాంపూతో గడుపుకోవచ్చు. ప్రతి స్నానానికీ దానినే వాడితే జుట్టు మరింత ఎండిపోతుంది.

నా జుట్టుకు రంగు వేయలేదు, స్ట్రెయిటెనింగ్ చేయించలేదు. నాకు సెలూన్ షాంపూ అవసరమా?

అవసరం లేదు. షాపు షాంపూ, దానికి తోడు ఒక కండీషనర్ చాలు. డబ్బు ఎక్కువ పెట్టగలిగితే షాంపూ మీద కాకుండా కండీషనర్ మీద పెట్టండి. షాంపూ తల మీద ఉండేది రెండు నిమిషాలు, ఆ తరువాత కాలువలోకి పోతుంది. కండీషనర్‌లోని బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రిమోనియం క్లోరైడ్, డైమెథికోన్ వంటివి వెంట్రుకను పట్టుకొని మరుసటి స్నానం వరకు చిక్కు పడకుండా, దువ్వేటప్పుడు తెగకుండా కాపాడతాయి.

పొడవైన జడ ఉన్నవారు ఒక లెక్క గుర్తు పెట్టుకోవాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాకా, అంటే 70 సెంటీమీటర్ల జుట్టు ఉన్న స్త్రీ జడ కొసకు దాదాపు ఆరేళ్ల వయసు ఉంటుంది. ఆరేళ్ల ఎండ, ఆరేళ్ల బోరు నీళ్లు, ఆరేళ్ల దువ్వెన చూసిన కొసకూ, నిన్నగాక మొన్న పుట్టిన కుదురుకూ ఒకే మోతాదు ఇవ్వకూడదు. షాంపూను తల చర్మానికి, కండీషనర్‌ను చెవుల కింది నుంచి కొసల వరకు పట్టించాలి. ఈ పద్ధతి పాటించని వారికి ఎంత ఖరీదైన సీసా అయినా నిరాశే మిగులుస్తుంది.

మరి సెలూన్ సరుకు ఎవరికి తగినది?

జుట్టు సహజ రంగును బ్లీచ్‌తో తీయించుకొని వేరే రంగు వేయించుకున్నవారికి, రసాయనాలతో జుట్టును శాశ్వతంగా నిటారు చేయించుకున్నవారికి తగినది. ఈ రెండు పనులూ వెంట్రుక పై పొరను తెరిచి, లోపలి బంధాలను తెంచుతాయి. అటువంటి జుట్టుకు ఆ బంధాలను పట్టి నిలిపే చికిత్సలు, గాఢమైన మాస్కులు సెలూన్ శ్రేణులలో మెరుగైనవి ఉన్నాయి. అవి కూడా పాడైన వెంట్రుకను కొత్తదిగా మార్చవు. వెంట్రుక ప్రాణం లేని కణజాలం గనుక దానంతట అది మానదు, తెగకుండా నెట్టుకొని రావడమే జరుగుతుంది.

మూడవ సందర్భం మనిషి కోసం చెల్లించేది. తలను విడదీసి చూసి, జుట్టు సన్నమా మందమా, చర్మం జిడ్డుదా పొడిదా, ఇంతకుముందు ఏమి వేశారు అని అడిగి సలహా చెప్పే అనుభవజ్ఞురాలు మీ ఊరి పార్లర్‌లో ఉంటే, ఆమె సూచించిన సీసాకు కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ఏమీ అడగకుండా, తల కడుగుతూనే ‘అక్కా, మీ జుట్టు బాగా పాడయింది, ఈ కిట్టు వాడాలి’ అని మొదలుపెట్టే చోట ఆ మాటను అమ్మకపు మాటగానే తీసుకోవాలి. తడి తలతో కుర్చీలో కూర్చున్న మనిషి బేరం ఆడలేదన్న సంగతి వారికి తెలుసు. సీసా పేరు రాసుకొని, ఇంటికి వెళ్లి నిదానంగా ఆలోచించుకోండి.

పెళ్లికి ముందు కెరటిన్, స్మూతెనింగ్ చేయిస్తామంటున్నారు. సురక్షితమేనా?

ఇవి జుట్టుకు ద్రవం పట్టించి, వేడితో నొక్కి నునుపుగా, నిటారుగా చేసే చికిత్సలు. వాడే ద్రవం పేరు, పదార్థాల పట్టిక చూపించనివారి దగ్గర చేయించుకోవద్దు. కొన్ని స్మూతెనింగ్ ద్రవాలలో ఫార్మాల్డిహైడ్ గానీ, వేడి తగలగానే దానిని విడుదల చేసే మిథిలీన్ గ్లైకాల్ గానీ ఉంటుంది. ఇస్త్రీ యంత్రంతో జుట్టును నొక్కేటప్పుడు కళ్లు మండి, గొంతు పట్టేసే పొగ దాని వల్లనే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. రోజూ అదే గదిలో, కిటికీలు మూసి ఏసీ వేసుకొని పనిచేసే అమ్మాయిలకు ఒక్కరోజు వచ్చి పోయే పెళ్లికూతురి కంటే ప్రమాదం ఎక్కువ. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్న ద్రవాలు వాడుతున్నారు, వాటి తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్న ఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆస్తమా ఉన్నవారు వీటి జోలికి పోకపోవడమే మంచిది. కెరటిన్ అన్న మాట ఉన్న షాపు షాంపూకు ఈ చికిత్సతో సంబంధం లేదు, దానివల్ల ఈ ప్రమాదమూ లేదు, జుట్టు నిటారు కావడమూ లేదు.

తెల్ల వెంట్రుకలకు ఇంట్లోనే రంగు వేసుకోవచ్చా, పార్లర్‌కు వెళ్లాలా?

నలుపు రంగు ఒక్కటే కావాలనుకుంటే ఇంట్లో వేసుకోవచ్చు. గోధుమ, ఎరుపు ఛాయలు కావాలన్నా, ఇంతకుముందు వేసిన రంగును మార్చాలన్నా పార్లరే నయం, ఎందుకంటే రంగును, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఏ పాళ్లలో కలపాలో తల చూసి నిర్ణయించవలసి ఉంటుంది. ఎక్కడ వేయించుకున్నా చూడవలసినది పీపీడీ అనే పారాఫినైలిన్ డయమైన్. చాలా నల్ల రంగులలో ఇది ఉంటుంది. కొందరికి దీనివల్ల నుదురు, కనురెప్పలు, ముఖం వాచిపోయేంత తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. ‘అమోనియా లేదు’ అని రాసిన పెట్టెలో పీపీడీ ఉండవచ్చు, ఈ రెండింటికీ సంబంధం లేదు. పదేళ్లుగా అదే రంగు వాడుతున్నవారికి కూడా ఒకనాడు ఎలర్జీ మొదలు కావచ్చు గనుక, మోచేతి మడత దగ్గర గానీ చెవి వెనుక గానీ కొద్దిగా రాసి 48 గంటలు ఆగి చూడాలి. ఈ ముందస్తు పరీక్ష గురించిన హెచ్చరికను పెట్టె మీద ముద్రించాలని చట్టమే చెబుతున్నది.

గోరింటాకు పొడి ఎరుపు, నారింజ ఛాయలనే ఇస్తుంది. ‘నల్ల గోరింటాకు’ అని అమ్మే పొడి ఒక్క పూటలో నల్లగా పట్టిందంటే అందులో పీపీడీ కలిసి ఉండవచ్చు.

చుండ్రుకు ఖరీదైన సెలూన్ షాంపూ పనిచేస్తుందా?

చుండ్రు విషయంలో మెడికల్ షాపుదే పైచేయి. రెండు శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, మూడు నుంచి అయిదు నిమిషాలు తల మీద ఉంచి కడుగుతూ రెండు నుంచి నాలుగు వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. రాసిన వెంటనే కడిగేసి, పనిచేయలేదనడమే ఎక్కువగా జరిగే పొరపాటు. గర్భిణులు, చిన్నపిల్లలు వైద్యుణ్ణి అడిగిన తరువాతే వాడాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర పనిచేసేవారి తలలో కనిపించే పొట్టు దుమ్మును చుండ్రు అనుకొని మందు షాంపూ కొననవసరం లేదు, దానికి మామూలు షాంపూ, పనిలో తలకు రుమాలు చాలు. మందపాటి వెండిరంగు పొలుసులు, పుండ్లు, గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలు ఉంటే చర్మ వైద్యునికి చూపించాలి.

జుట్టు రాలడం ఆపే షాంపూ ఏదైనా ఉందా?

కుదురు నుంచి రాలే జుట్టును ఆపే షాంపూ సెలూన్‌లోనూ లేదు, కిరాణాలోనూ లేదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాల తరువాత, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలి, చాలామందిలో కొన్ని నెలలలో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ సమయంలో ఏ సీసా వాడుతున్నా ఆ ఘనత దానికే దక్కుతుంది! రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణాలు కావచ్చు గనుక వేల రూపాయల కిట్టు కొనే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని. రాలిన వెంట్రుకలు పొట్టి ముక్కలుగా ఉంటే అది తెగిపోవడం, దానికి మాత్రం కండీషనర్ సాయపడుతుంది.

కుంకుడుకాయ, శీకాయ, కొబ్బరినూనె ఉండగా ఇవన్నీ ఎందుకు?

రంగు వేయని ఆరోగ్యమైన జుట్టుకు కుంకుడుకాయ ఇప్పటికీ మంచి సాధనమే. అందులోని సపోనిన్లు సబ్బులాగా కఠిన జలంలో తెట్టు కట్టవు గనుక బోరు నీళ్ల ఊళ్లలో దానికి ఒక సౌలభ్యం కూడా ఉంది. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచులు సేకరించే అటవీ ఫలసాయంలో కుంకుడుకాయ ఒకటి. కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, వడగట్టే తీరిక లేకపోవడమే దీనికి ఉన్న లోపం. కళ్లలో పడితే మండుతుందన్న సంగతి చిన్నప్పుడు తలంటు పోయించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రంగు వేసిన జుట్టును మాత్రం ఇది ఎండబెడుతుంది.

కొబ్బరినూనె తల స్నానానికి ముందు రాయడం మంచి అలవాటు. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చిన 2003 నాటి ఒక పరిశోధనలో కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుకలోని ప్రోటీన్ నష్టాన్ని తగ్గించినట్లు తేలింది. ఆ పరిశోధన చేసినది కొబ్బరినూనె అమ్మే కంపెనీ ప్రయోగశాలే అన్నది కూడా తెలిసి ఉండటం మంచిది. చుండ్రు ఎక్కువగా ఉన్నప్పుడు తల చర్మానికి నూనె పట్టించకండి.

యాదగిరిగుట్టలో తలనీలాలు ఇచ్చాం. కొత్త జుట్టు ఒత్తుగా రావడానికి ఏమి వాడాలి?

ప్రత్యేకంగా ఏదీ వాడనవసరం లేదు. గుండు చేయించినందువల్ల కుదుళ్ల సంఖ్య గానీ, వెంట్రుక మందం గానీ మారదు. కోసిన కొస మొద్దుగా ఉండటం వల్ల మొదట్లో ఒత్తుగా అనిపిస్తుంది.

హాస్టల్‌లో ఉండే పాపకు పేలు పడ్డాయి. పార్లర్‌లో మందు ఉంటుందా?

ఉండదు. మెడికల్ షాపులో ఒక శాతం పర్మెత్రిన్ లోషన్ అడగండి, పది నిమిషాలు ఉంచి కడిగి, పేల దువ్వెనతో దువ్వి, వారం నుంచి పది రోజుల మధ్య మరోసారి రాయండి. పక్క మంచాల పిల్లలకు కూడా అదే రోజు రాయకపోతే మళ్లీ వస్తాయి.

సాషే, చిన్న సీసా, పెద్ద సీసా, సెలూన్ సీసా: నిజంగా ఏది చౌక?

సీసా ధరను కాక మిల్లీలీటరు ధరను చూడాలి. సెలూన్ సీసా 250 మిల్లీలీటర్లకు 750 రూపాయలు, షాపు సీసా 340 మిల్లీలీటర్లకు 255 రూపాయలు అనుకుందాం. మొదటిది మిల్లీలీటరుకు 3 రూపాయలు, రెండవది 75 పైసలు. ఒక స్నానానికి 10 మిల్లీలీటర్లు, నెలకు ఎనిమిది స్నానాలు అయితే ఖర్చు 240 రూపాయలు, 60 రూపాయలు. సెలూన్ షాంపూ గాఢమైనది గనుక తక్కువ పడుతుందని చెబుతారు. పై లెక్కలో అది నాలుగవ వంతు పడితే తప్ప ఖర్చు సమానం కాదు. మన దేశంలో సాషే చాలాసార్లు పెద్ద సీసా కంటే మిల్లీలీటరు లెక్కన చౌకగా పడుతుంది, కిరాణా కొట్టు ముందు వేలాడే సాషే దండలను తక్కువగా చూడనవసరం లేదు. అయితే 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ద్రవం ఉన్న ప్యాకు మీద పదార్థాల పట్టిక ఉండాలన్న నిబంధన లేదు. పట్టిక చూడాలంటే అదే రకం పెద్ద సీసాను అడిగి చదవండి.

నకిలీ సరుకును ఎలా గుర్తించాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ఖరీదైన సెలూన్ పేర్లకే నకిలీల బెడద ఎక్కువ. తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, ఎంఆర్‌పీ సీసా మీద ఉండాలి. విదేశీ సరుకు అయితే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సంఖ్య కూడా ఉండాలి. మూత సీలు తెరిచి ఉన్నది, తేదీని చెరిపినది, పెద్ద క్యాను నుంచి పాత సీసాలోకి నింపినది తీసుకోవద్దు. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి గనుక దాని మీద జీఎస్టీ అంటూ అదనంగా వేయడం చెల్లదు. షాంపూ, తలనూనెల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గిందని కూడా గుర్తుంచుకోండి. పార్లర్‌లో కొన్నా బిల్లు అడిగి తీసుకోండి, సీసాను, బిల్లును పారేయకుండా ఉంచండి. అనుమానం ఉంటే ముందు సీసా మీది వినియోగదారుల సేవా నంబరుకు ఫోన్ చేసి బ్యాచ్ సంఖ్య చెప్పి విచారించండి. సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు.